గ్రహణం నాడు ఏం చేశావమ్మా?

మా పాపకి పుట్టుకతోనే ఎడమ మోచేతి కింద చెయ్యి లేదు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో "పాప ఎలా ఉంది?" అని అడిగినవాళ్ళకంటే "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావా, కత్తిపీట ముట్టుకున్నావా?" అని నన్ను నిలదీసినవాళ్ళే ఎక్కువ. వాళ్ళెవరనుకున్నారు? మగవాళ్ళు కాదు, మనమే.

ఒక్కసారి ఆలోచించండి. పిండం ఏర్పడిన నాలుగో వారంలో చేతి మొగ్గ కనిపిస్తుంది. ఎనిమిదో వారానికి వేళ్ళు కూడా విడిపోతాయి. మూడో నెల నిండేసరికే చెయ్యి తయారైపోతే, ఏడో నెలలో వచ్చిన గ్రహణం నాడు నేను వంకాయలు తరిగితే ఏమవుతుందండీ? మందుల సంగతి వేరు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన థాలిడోమైడ్‌ని వేవిళ్ళకి వాడిన తల్లులకి చేతులూ కాళ్ళూ సరిగా లేని పిల్లలు వేలమంది పుట్టారు. 1961 చివర్లో గానీ అక్కడ దాన్ని ఆపలేదు. అంతేగానీ మా పాపలా చెయ్యి మధ్యలో ఆగిపోయిన పిల్లల్లో చాలామందికి ఇదీ కారణమని డాక్టర్లే చెప్పలేరు. సాధారణంగా వంశంలో వచ్చేదీ కాదు.

ఇంకో రకం ఉంది. ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక లేక, మణికట్టు ఆ పక్కకి వంగిపోతుంది. దీన్ని "చెయ్యే కదా" అని వదిలెయ్యకూడదు. గుండెలో రంధ్రం, కిడ్నీ లోపం, ప్లేట్‌లెట్లు తగ్గడం లాంటివి వెంట ఉండొచ్చు. ఎకో, కడుపు స్కానింగు, రక్తపరీక్ష తప్పవు. ఫాంకోని ఎనీమియా అనే జబ్బులో చేతి లోపం పుట్టగానే కనిపించినా, రక్తం సంగతి కొన్నేళ్ళకి బయటపడొచ్చు. అది సాధారణంగా తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చేది, అందుకే మేనరికాల్లో భయం ఎక్కువ. బొటనవేలు లేకపోతే చూపుడువేలిని ఆ చోటికి మార్చే ఆపరేషన్ కూడా ఉంది. పంచాంగం తిరగేస్తూ కూర్చుంటే ఇవన్నీ ఎప్పుడు చేయిస్తాం?

మేమూ కృత్రిమ చెయ్యి పెట్టించాం. బడి నుంచి రాగానే తీసి మంచం కింద పడేస్తుంది. "దాంతో ఏం తెలీదమ్మా" అంటుంది. నిజమే, మోచేతి చర్మానికి తెలిసే స్పర్శ ప్లాస్టిక్‌కి ఎక్కడిది? పుస్తకం మోచేతి మడతలో ఇరికించుకుంటుంది, పెన్ను మూత పళ్ళతో లాగుతుంది. జడ మాత్రం ఇంకా నేనే వెయ్యాలి.

వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోయి పెళ్ళి కాదని మావాళ్ళు అడ్డుపడ్డారు. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకి సర్కారీ ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించాలి. ఎప్పుడో రాబోయే పెళ్ళికొడుకు ఏమనుకుంటాడోనని దాని చదువుకున్న దారి మూసెయ్యమంటారా? మేం తీసుకున్నాం.