జ్వరానికి వారం గడువు చాలని పిల్లలు

విజయవాడ వన్ టౌన్ ఇళ్లలో జ్వరానికి ఒక గడువుంటుంది. మూడు రోజులు మందుల షాపు మాత్రలు, తగ్గకపోతే రక్తపరీక్ష, వారం తిరిగేసరికి పిల్ల కాలేజీ బస్సెక్కాలి. గుమాస్తా జీతంతోనో చిల్లర వ్యాపారంతోనో నడిచే ఇంటికి అంతకు మించి ఆగే వెసులుబాటు ఉండదు. కీళ్లవాతంతో పెరుగుతున్న పిల్లకు మోనోన్యూక్లియోసిస్ (మోనో) సోకితే ఈ గడువే ప్రమాదంగా మారుతుంది. ఆ రెండు జబ్బులూ ఒకే శరీరానికి పొంతన లేని ఆదేశాలిస్తాయి. దేన్ని వినాలో తేల్చుకునే భారం పదహారేళ్ల పిల్ల మీద వేయకూడదు. జ్వరం రాకముందే పెద్దలు దాన్ని కాగితం మీద తేల్చిపెట్టాలి.

పిల్లలకు కీళ్లవాతం వస్తుందంటే నమ్మేవాళ్లు ఇప్పటికీ తక్కువ. పదహారేళ్లు నిండకముందే మొదలై, కనీసం ఆరు వారాలు కీలు వాచి, వేరే కారణమేదీ దొరకనప్పుడు వైద్యులు దీన్ని నిర్ధారిస్తారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ కీళ్ల పొరల మీదే దాడి చేస్తుంది. నటి సమంత తనకు మయోసైటిస్ అనే కండరాల జబ్బు ఉందని 2022లో చెప్పాక ఈ తరహా జబ్బులు తెలుగిళ్లలో కొంత చర్చకు వచ్చాయి. కానీ పిల్లల నొప్పిని ఇంకా ఎదిగే వయసు నొప్పనో, ఆటలో బెణికిందనో తీసిపారేస్తూనే ఉన్నాం. పొద్దున లేచేసరికి కీళ్లు బిగుసుకోవడం, పొద్దెక్కేకొద్దీ సడలడం ఈ జబ్బు లక్షణం. అందుకే సాయంత్రం చూసినవాళ్లకు పిల్ల బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండవాలు ఇళ్లవాళ్లు రోడ్డెక్కాలంటే మెట్లే దారి. బిగుసుకుపోయిన మోకాళ్లతో ఆ మెట్లు దిగడం ఎంత కష్టమో హాజరు పట్టీలో కనబడదు.

మోనోకు కారణమైన వైరస్‌ను 1964లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. అది ముఖ్యంగా ఎంగిలి ద్వారా పాకుతుంది. పసితనంలో సోకితే మామూలు జలుబు జ్వరంలా వచ్చిపోతుంది, చాలాసార్లు తెలియను కూడా తెలియదు. కౌమారంలో సోకితేనే తీవ్రమైన గొంతునొప్పి, మెడలో బిళ్లలు కట్టడం, ప్లీహం ఉబ్బడం, వారాల తరబడి వదలని నీరసం. మన దేశంలో ఎక్కువమందికి ఇది చిన్నప్పుడే సోకిపోతుంది. అయితే శుభ్రత పెరిగి, పిల్లలు తక్కువై, ఇళ్లలో సందడి తగ్గేకొద్దీ సోకే వయసు పెరుగుతుంది. ఆ వయసు పిల్లలను రాష్ట్రం నలుమూలల నుంచి తెచ్చి జూనియర్ కాలేజీ హాస్టళ్లలో ఒకచోట చేర్చిన ఊరు విజయవాడ. నీళ్ల సీసాలు చేతులు మారే ఆ గదుల్లో ఈ వైరస్‌ను మరచిపోకూడదు.

ఇక ఆ పొంతన లేని ఆదేశాల సంగతి. కీళ్లవాతం కదలమంటుంది, రోజుల తరబడి మంచానికి అతుక్కుపోతే కీలు మరింత బిగుస్తుంది. మోనో పడుకోమంటుంది. ప్లీహం ఉబ్బి ఉండగా పొట్టకు దెబ్బ తగిలితే అది చిట్లవచ్చు. అరుదే అయినా ప్రాణాల మీదకు తెస్తుంది. అందుకే కనీసం మూడు నాలుగు వారాలు కబడ్డీ, గెంతులాటలు, బరువులెత్తడం మానాలి. రెంటికీ నడుమ ఒక దారి ఉంది. వేణ్నీళ్ల స్నానం, పడక మీదే కీళ్లను నెమ్మదిగా వంచి చాచడం, అలసట రాకముందే ఆగిపోయేలా ఇంట్లో కాసేపు నడక.

మందుల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. కీళ్లవాతానికి వారానికొకసారి వేసే మెథోట్రెక్సేట్ మానవద్దని వైద్యులు పదేపదే చెబుతారు. కానీ అది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు, పైగా కాలేయం మీద ప్రభావం చూపుతుంది. మోనో కూడా కాలేయాన్ని తాకుతుంది. మోనో తీవ్రంగా ఉన్నప్పుడు ఆ మందును కొన్నాళ్లు ఆపమని వైద్యులు చెప్పవచ్చు. అదే ఎక్కువకాలంగా స్టెరాయిడ్ వాడుతున్న పిల్లకు దాన్ని హఠాత్తుగా ఆపితే ముప్పు. అన్నీ ఆపేసిన తల్లీ, అన్నీ కొనసాగించిన తల్లీ ఇద్దరూ ప్రేమతోనే పొరపడతారు. వాళ్లకు ముందే చెప్పని వ్యవస్థదే తప్పు.

ఆ లోటును మందుల షాపు పూరిస్తుంది. గొంతునొప్పికి అమోక్సిసిలిన్ ఇస్తారు. మోనో వైరస్ జబ్బు కాబట్టి అది పనిచేయదు, పైగా చాలామందికి ఒళ్లంతా దద్దురు లేస్తుంది. ‘ఈ పిల్లకు ఆ మందు పడదు’ అన్న ముద్ర జీవితాంతం మిగిలిపోతుంది. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ మాత్ర మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇప్పటికే నొప్పి మాత్ర వాడుతున్న పిల్లకు జ్వరానికని అదే జాతి మాత్ర మరొకటి కలుస్తుంది. కళ్లు కాస్త పచ్చబడితే కామెర్లని పసరు పోయించడం మనకు అలవాటు, అలసిన కాలేయం మీద అది మరో బరువు.

టైఫాయిడ్, డెంగీలను ముందు అనుమానించడం సరైనదే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఊరికి ఆ జాగ్రత్త ఉండాలి. కానీ టైఫాయిడ్‌కు చేసే ఒక్క వైడాల్ పరీక్ష ఫలితం చూసి ఆలోచన అక్కడే ఆపకూడదు. జ్వరం, దద్దుర్లతో ఒళ్లంతా పాకే రకం కీళ్లవాతం ఉన్న పిల్లల్లో మోనో వైరస్ ఒక్కోసారి రోగనిరోధక కణాలను అదుపు తప్పేలా చేస్తుంది. జ్వరం దిగదు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పిల్ల మగతగా ఉంటుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అనుకునే ఊళ్లో ఇది చేయి దాటిపోవచ్చు. ‘ఈ పిల్లకు కీళ్లవాతం ఉంది’ అని క్యాజువాల్టీలో చెప్పే ఒక్క మాట, ఫెరిటిన్ పరీక్ష చేయించాలన్న ఆలోచన ప్రాణం నిలబెడతాయి.

అందుకే కీళ్లవాతం పిల్లలకు వైద్యం చేసే ప్రతి డాక్టరూ తెలుగులో ఒక పేజీ రాసివ్వాలి. జ్వరం వస్తే ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు, షాపులో ఏవి కొనకూడదు, ఏ లక్షణాలకు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఎవరికి ఫోన్ చేయాలి. దాని నకలు ఇంట్లో ఒకటి, పుస్తకాల సంచిలో ఒకటి, హాస్టల్ వార్డెన్ దగ్గర ఒకటి ఉండాలి.

కాలేజీల వంతు కూడా ఉంది. మోనో నీరసం జ్వరంతో పాటు పోదు, కొందరికి నెలలు పడుతుంది. ఇంటర్ రెండో ఏడాదిలో అన్ని రోజులు పోతే సంవత్సరమే పోతుందని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే, ఒక్క పరీక్ష మీద ఇంటి భవిష్యత్తంతా నిలబెట్టిన చదువులు మనవి. ఒక్కరికి సడలిస్తే అందరూ సాకులు వెతుకుతారని యాజమాన్యాలు అంటాయి. దానికి జవాబు వైద్య ధ్రువీకరణే. తొందరపడి తిప్పి పంపిన పిల్ల మళ్లీ కూలబడితే పోయే రోజులు ఇంకా ఎక్కువ. రోజుకు రెండు క్లాసులతో మొదలుపెట్టి పెంచడం, కింది అంతస్తులో కూర్చోబెట్టడం, వారాంతపు పరీక్షల నుంచి కొంతకాలం మినహాయించడం ఏ కాలేజీకీ భారం కాదు.

ఇది దయ చూపించడం కాదు. పరీక్షలో జవాబులు రాసిపెట్టే లేఖకుడి (స్క్రైబ్) సహాయం కావాలంటే 40 శాతం వైకల్యం ఉండితీరాలన్న షరతును సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో తోసిపుచ్చింది. ఆ తీర్పు తర్వాత 2022లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, 40 శాతం కంటే తక్కువ వైకల్యమున్నా రాయడం కష్టమైనవారికి లేఖకుణ్ని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయాన్ని ఇవ్వమన్నాయి. వేళ్ల కీళ్లు వాచిన విద్యార్థి విషయంలో ఇంటర్ బోర్డు ఈ స్ఫూర్తినే పాటించాలి.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అది ఎంచుకున్న 30 సమస్యల్లో రుమాటిక్ గుండెజబ్బు ఉంది, పిల్లల కీళ్లవాతం లేదు. దాన్ని చేర్చాలి. సిద్ధార్థ వైద్య కళాశాల అనుబంధ ప్రభుత్వాసుపత్రిలో వారానికొక పూట పిల్లల వైద్యుడు, కీళ్లవాత నిపుణుడు, కంటి డాక్టరు ఒకేచోట దొరకాలి, ఎందుకంటే ఈ జబ్బు నొప్పి లేకుండానే కళ్లనూ దెబ్బతీస్తుంది.

నిపుణుల కొరత తీరడానికి ఏళ్లు పట్టవచ్చు. కాలేజీలు మాత్రం వచ్చే జూన్ కోసం ఇప్పుడే సిద్ధపడవచ్చు. ప్రవేశ దరఖాస్తులో దీర్ఘకాలిక జబ్బు ఏమైనా ఉందా అని అడగాలి, ఉందన్న ప్రతి విద్యార్థి నుంచీ ఆ ఒక్క పేజీ తీసుకోవాలి, వార్డెన్ చేత చదివించాలి. జబ్బు పేరు రాసినందుకు ఏ పిల్లకూ సీటు నిరాకరించబోమని అదే దరఖాస్తు మీద అచ్చువేయాలి. ఆ హామీ లేకపోతే ఏ తల్లీ నిజం రాయదు.