యుద్ధమునకు మారుపేర్లు

అమెరికా యుద్ధప్రియమైన దేశమా? ఈ ప్రశ్న విద్యాలయములలో, వక్తృత్వపు పోటీలలో తరచుగా వినవచ్చును. అవునని వాదించు విద్యార్థి హిరోషిమా మొదలుకొని ఇరాకు వరకు ఒక పట్టిక చదువును. కాదని వాదించువాడు హిట్లరు పతనమును, మార్షల్ ప్రణాళికను, కరవు దినములలో మన ఓడరేవులకు వచ్చిన అమెరికా గోధుమలను జ్ఞాపకము చేయును. ఇరువురు చెప్పునదియు సత్యమే. అయినను ఆ వాదము ముగిసిన పిమ్మట శ్రోతకు మిగులునది ఒక జాతిపై మెప్పో, ఏవగింపో మాత్రమే. యుద్ధము ఎట్లు పుట్టుచున్నదో తెలియదు. జాతికి పుట్టుకతోనే ఒక స్వభావము వచ్చునని నమ్ముటలో సౌలభ్యము కలదు. ఆ నమ్మకము కుదిరిన పిదప ఆలోచింపవలసిన పని ఉండదు. చరిత్ర మాత్రము అంత సులభముగా లొంగదు.

ఆ దేశమునకు పునాదులు వేసినవారు యుద్ధమునకు జంకినవారు. 1787లో రాజ్యాంగము వ్రాయునప్పుడు యుద్ధము ప్రకటించు అధికారమును అధ్యక్షుని చేతిలో పెట్టక కాంగ్రెసుకు ఇచ్చిరి. రాజులు తమ కీర్తికొరకు ప్రజలను బలియిచ్చిన యూరపు చరిత్ర వారి కన్నులయెదుట ఉండెను. ప్రభుత్వాంగములలో యుద్ధముపై ఎక్కువ మక్కువ గలది కార్యనిర్వాహక వర్గమేయని జేమ్స్ మాడిసన్ హెచ్చరించెను. 1796లో పదవి వీడుచు జార్జి వాషింగ్టన్, మితిమీరి పెరిగిన సైన్యము స్వేచ్ఛకు చేటని చెప్పెను. ఆ మాట అన్నవాడు స్వయముగా సేనాపతి. 1821 జూలై 4వ తేదీన విదేశాంగ కార్యదర్శి జాన్ క్విన్సీ ఆడమ్స్, రాక్షసులను వెదకి వధించుటకై అమెరికా పరదేశములకు పోరాదని బోధించెను. చాలకాలము ఆచరణయు కొంతవరకు అట్లే నడచినది. యుద్ధము ముగియగనే సైనికులను ఇండ్లకు పంపివేయుట అక్కడి ఆచారము. 1945లో సుమారు కోటి ఇరువది లక్షలుగా ఉన్న సైన్యము 1947 నాటికి పదునైదు లక్షలకు తగ్గినది. నెత్తుటిలోనే యుద్ధకాంక్ష గల జాతి ఇట్లు చేయదు.

అట్లని ఆ చరిత్ర నిష్కళంకము కాదు. ఆదిమ జాతుల భూములు ఒకదాని వెంట ఒకటి కత్తిమొనతో కైవసమైనవి. 1846లో మొదలైన యుద్ధము 1848లో ముగియునప్పటికి మెక్సికో తన రాజ్యములో ఇంచుమించు సగము పోగొట్టుకొనినది. 1898లో క్యూబా విముక్తి పేర స్పెయినుతో పోరాడినవారు, ఆ పోరు ముగిసిన వెనుక ఫిలిప్పీన్సును తామే ఏలదలచిరి. స్వాతంత్ర్యమునకై ఎదిరించిన ఫిలిప్పీనులతో 1899 నుండి ఘోరమైన యుద్ధము జరిగినది. మెక్సికో యుద్ధమునకు, స్పెయిను యుద్ధమునకు కాంగ్రెసు ప్రకటన కలదు. ఈ మూడవదానికి లేదు. ప్రభుత్వ పత్రములలో దానికి ‘తిరుగుబాటు’ అని పేరు. మారుపేర్ల కథకు అది ఒక తొలి అధ్యాయము.

అమెరికా కాంగ్రెసు విధ్యుక్తముగా ప్రకటించిన యుద్ధములు ఐదే: 1812లో బ్రిటనుతో, 1846లో మెక్సికోతో, 1898లో స్పెయినుతో, పిదప రెండు ప్రపంచ యుద్ధములు. కడపటి ప్రకటన 1942 జూన్‌లో బల్గేరియా, హంగరీ, రుమేనియాలపై జరిగినది. ఆ తరువాత కొరియా వచ్చినది, వియత్నాము వచ్చినది, 1991లో గల్ఫు పోరు, 2001లో ఆఫ్ఘనిస్థాను, 2003లో ఇరాకు వచ్చినవి. 2025 జూన్‌లో ఇరాను అణుకేంద్రములపై బాంబులు పడినవి. ఒక్కదానికిని యుద్ధప్రకటన లేదు. కొన్నింటికి కాంగ్రెసు అనుమతి తీర్మానము చేసినది. కొన్నింటికి అదియు లేదు. 1950 జూన్‌లో కొరియాకు బలగములను పంపునప్పుడు, ఇది ఐక్యరాజ్య సమితి తరపున జరుగు ‘పోలీసు చర్య’ అనవచ్చునా యని ఒక విలేకరి అడుగగా, అధ్యక్షుడు ట్రూమన్ అవునని అంగీకరించెను. ఆ పోలీసు చర్యలో 36 వేలకు పైగా అమెరికా సైనికులు ప్రాణములు విడిచిరి. కొరియా ప్రజల మరణములు లక్షలలో లెక్కకు వచ్చినవి.

‘పోలీసు చర్య’ అను మాట తెలుగువారి చెవికి కొత్తది కాదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినప్పుడు ఆ సంఘటనకు పెట్టిన పేరు అదియే. నిజాము పాలన అంతరించుట మేలు కాదని ఎవరును అనరు. కాని వెళ్లినది సైన్యము, వెళ్లిన పేరు పోలీసు. కావున మారుపేరు పెట్టుట ఒక్క అమెరికావారి విద్య అని చెప్పుట న్యాయము కాదు. ప్రభుత్వము ఉన్నచోటనెల్ల ఈ విద్య ఉండును. అమెరికా విషయములో విశేషమేమనగా, అపారమైన బలము గల రాజ్యమునందు అది అలవాటుగా స్థిరపడినది.

పేరులో ఏమున్నదని కొందరు అడుగవచ్చును. తిక్కన సోమయాజి ఉద్యోగపర్వము చదివిన విద్యార్థి అట్లు అడుగడు. అక్కడ రాయబారములు నడచును, సభలో పెద్దలు వాదింతురు, తల్లులు వగతురు. యుద్ధము తప్పకపోయినను, రానున్నది యుద్ధమని అందరికిని తెలిసియే వచ్చును. యుద్ధమును యుద్ధమని పిలిచినంతనే కొన్ని ప్రశ్నలు తమంత తామే లేచి నిలుచును: ఎవరితో? ఎందుకు? ఎంతకాలము? ఎప్పుడు ముగిసినట్లు? పేరు మార్చినచో ఆ ప్రశ్నలడుగు హక్కు జారిపోవును.

వియత్నాము ఈ సత్యమునకు నిదర్శనము. 1964 ఆగస్టులో టాంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై రెండుమార్లు దాడి జరిగినదని ప్రభుత్వము చెప్పగా, ప్రతినిధుల సభ 416 ఓట్లతో, ఎదురు ఓటు ఒక్కటియు లేక, అధ్యక్షునికి సర్వాధికారమిచ్చు తీర్మానము చేసినది. సెనేటులో కాదన్నవారు ఇరువురే: వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్. ఆ రెండవ దాడి అసలు జరుగనేలేదని పిమ్మట తేలినది. అప్పటికి 58 వేలమంది అమెరికా సైనికులు, లెక్కకు అందని వియత్నాము ప్రజలు బలియైపోయిరి. ఆ తీర్మానమును సెనేటులో నడిపించినవాడు విలియం ఫుల్‌బ్రైట్. విద్యార్థులును, అధ్యాపకులును దేశదేశములకు పోయి చదువుకొనుటకు 1946లో ఉపకారవేతనముల శాసనము తెచ్చిన ఉదారుడు ఆయనయే. 1950లో కుదిరిన ఒప్పందము వలన ఆ ఉపకారవేతనములు భారతీయులకును లభించినవి. చదువు యుద్ధమును ఆపునని నమ్మినవాడే యుద్ధపు తీర్మానమును భుజములపై మోసెను. తరువాత తెలిసికొని, 1966లో సెనేటు సంఘాధ్యక్షుడుగా ఆ యుద్ధముపై బహిరంగ విచారణ జరిపించెను. మంచివాడు ఉన్నంతమాత్రమున యుద్ధము ఆగదు. కాని కన్ను తెరచినవాడు నోరు తెరచుటకు అక్కడ తావు కలదని కూడ ఆయన జీవితము తెలుపుచున్నది.

1973లో రెండు మార్పులు జరిగినవి. అధ్యక్షుడు సైన్యమును పోరులోనికి దించినచో అరువది దినములలో కాంగ్రెసు అనుమతి పొందవలెనని ఒక శాసనము వచ్చినది. నిర్బంధ సైనిక సేవ రద్దయినది. మొదటిది యుద్ధమునకు పగ్గముగా ఉద్దేశింపబడినది, రెండవది ప్రజలకు ఊరటగా. ఫలితము వేరుగా పరిణమించినది. ఇంటింటి కుమారుని పిలుచు కాలములో యుద్ధము ఇంటింటి చర్చ. స్వచ్ఛందముగా చేరినవారే పోరాడు కాలములో, నూటికి ఒక్కడును సైన్యములో లేని సమాజములో, యుద్ధము ఎవరో కొందరి వృత్తి. కొరియా యుద్ధమునకు అమెరికా ప్రజలు ఎక్కువ పన్నులు కట్టిరి. ఇరాకుపై దండెత్తిన 2003లో వారి పన్నులు తగ్గినవి. కొడుకును అడుగక, కాసును అడుగక జరుగు యుద్ధమునకు ప్రజల అనుమతి అడుగవలసిన అవసరము మాత్రము ఎక్కడిది?

పగ్గము సంగతియు అట్లే. 2001 సెప్టెంబరు 11న జరిగిన ఘాతుకము తరువాత మూడు దినములకు కాంగ్రెసు ఒక తీర్మానము చేసినది. అందలి ముఖ్యవాక్యము అరువది మాటలు. ఆ అరువది మాటల ఆధారముగా తరువాతి అధ్యక్షులు యెమను, సోమాలియా, సిరియా మొదలగు దేశములలో బలప్రయోగము చేసిరి. 2011లో లిబియాపై విమానములు బాంబులు వేయుచుండగా అరువది దినముల గడువు దాటినది. అప్పుడు ప్రభుత్వము ఇచ్చిన సమాధానము, అక్కడ జరుగుచున్నది శాసనములో చెప్పిన ‘పోరు’ కాదని. పైనుండి బాంబు వేయువానికి అది పోరు కాకపోవచ్చును. క్రింద ఉన్నవానికి వేరొక పేరు దొరకదు.

మరియొక వింత కలదు. యుద్ధమైనదానిని యుద్ధమనని ఆ రాజకీయభాష, యుద్ధము కానిదానిని యుద్ధమని పిలుచును. 1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికముపై యుద్ధము ప్రకటించెను. తరువాత మాదకద్రవ్యములపై యుద్ధము, కాన్సరుపై యుద్ధము వచ్చినవి. పేదరికముపై ప్రకటించిన యుద్ధమును వియత్నాములో ప్రకటింపని యుద్ధము మ్రింగివేయుచున్నదని 1967 ఏప్రిల్ 4న న్యూయార్కు నగరములో మార్టిన్ లూథర్ కింగ్ వాపోయెను. సరిగా ఒక సంవత్సరమునకు, అదే తేదీన, ఆయన హత్య జరిగినది.

పండుగల పేర్లును, కార్యాలయముల పేర్లును ఇదే కథ చెప్పును. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన నవంబరు 11ను 1938లో ప్రపంచశాంతికి అంకితమైన సెలవుదినముగా చేసిరి. 1954లో అది మాజీ సైనికుల దినమైనది. 1789లో ఏర్పడిన యుద్ధశాఖ రెండవ ప్రపంచ యుద్ధానంతరము మార్పులు చెంది 1949లో రక్షణశాఖ అయినది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుని ఉత్తరువు వలన ‘యుద్ధశాఖ’ అను పాతపేరు ఉపనామముగా మరల ఆ తలుపులపైకి వచ్చినది. ఆ పేరు వినినవారు ఉలికిపడిరి. కాని ‘యుద్ధశాఖ’ అని పేరున్న దినములలో కాంగ్రెసు యుద్ధములను ప్రకటించినది. ‘రక్షణశాఖ’ అని పేరున్న దినములలో ఒక్కటియు ప్రకటింపలేదు, పోరులు మాత్రము ఆగలేదు. ఏ పేరు ఎక్కువ భయంకరమో పాఠకులే నిర్ణయించుకొనవచ్చును.

అలవాటు నిలుచుటకు తిండి కావలెను. సేనాపతియై గెలిచి అధ్యక్షుడైన ఐసన్‌హోవర్, 1961 జనవరి 17న సెలవు తీసికొనుచు, సైన్యమును ఆయుధ పరిశ్రమయు కలిసి సంపాదించు పలుకుబడికి జాగ్రత్తపడుడని ప్రజలను హెచ్చరించెను. 1953లోనే ఆయన, తుపాకికి పెట్టు ప్రతి కాసు ఆకలిగొన్నవాని నుండి దొంగిలించినదేయని అర్థము వచ్చునట్లు పలికెను. 2024లో ఆ దేశపు సైనిక వ్యయము దాదాపు లక్ష కోట్ల డాలర్లు. ప్రపంచమెల్ల చేయు సైనిక వ్యయములో మూడవవంతుకు మించినది. కర్మాగారము ఉన్న ఊరికి ఆ కర్మాగారమే కూడు; ఆ ఊరి ప్రతినిధి దాని మూతకు ఓటు వేయడు. ఇందులో దుర్మార్గుడెవడును ఉండనక్కరలేదు. ఎవరి పని వారు చేసికొనిపోవుచుండగనే ఆయుధరాశి పెరుగును.

ఇంత చెప్పిన పిదప ఆ దేశపు రెండవ గొంతును వినకపోవుట అన్యాయము. మెక్సికో యుద్ధమును, బానిసత్వమును పోషించు ప్రభుత్వమునకు పన్ను కట్టనని హెన్రీ థోరో 1846లో ఒక రాత్రి చెరసాలలో గడపెను. ఆ అనుభవమునుండి పుట్టిన వ్యాసము గాంధీమహాత్మునికి ఆప్తమైనది. అదే యుద్ధమున తొలి నెత్తురు ఒలికిన స్థలము ఎవరి భూమియో చూపుడని 1847లో కొత్త సభ్యుడైన లింకను అధ్యక్షుని నిలదీసెను. ఫిలిప్పీన్సు ఆక్రమణను మార్క్ ట్వెయిన్ తుదివరకు నిరసించెను. జానెట్ రాంకిన్ 1917లోను, మరల 1941లోను యుద్ధము వలదని ఓటు వేసినది. రెండవమారు ఆమె ఒంటరి. 2001లో ప్రతినిధుల సభలో 420 మందికి ఎదురుగా బార్బరా లీ ఒక్కతెయే నిలిచినది. వియత్నామునకు పోనని మహమ్మదాలీ తన కిరీటమును వదలుకొనెను. 1970 మే 4న కెంట్ విశ్వవిద్యాలయములో సైనికుల తుపాకులకు నలుగురు విద్యార్థులు కూలిరి. డ్రెస్డెను నగరదహనమును యుద్ధఖైదీగా చూచి బ్రతికిన కర్ట్ వానెగట్ వంటి రచయితలు, యుద్ధమునకు వేసిన అలంకారములన్నింటిని ఒలిచి చూపిరి. ఇంతటి యుద్ధవ్యతిరేక వాఙ్మయము గల సంస్కృతిని యుద్ధసంస్కృతి యని ఒక్క మాటతో కొట్టివేయరాదు. ఆ గొంతు సత్యము పలికినను, చాలమారులు ఆలస్యముగా వినబడినదనుటయే విషాదము.

కావున తీర్పు ఇది. అమెరికా ప్రజల స్వభావము యుద్ధమువైపు మొగ్గినదని చెప్పుటకు ఆధారము చాలదు. వారి విదేశాంగ నీతికి, 1950 నుండి, ప్రకటన లేని యుద్ధము అలవాటైనదని చెప్పుటకు ఆధారము కావలసినంత కలదు. స్వభావము మారదు, అలవాటు మారును. దానిని మార్చవలసినవారు ఆ దేశపు పౌరులు. వారిలో నేడు తెలుగు ఇండ్లలో పుట్టి అక్కడ ఓటు వేయు యువతీయువకులును ఉన్నారు.

ఇక్కడి ఉపాధ్యాయులకును ఇందులో పని లేకపోలేదు. పర్యాయపదములు నేర్పునప్పుడు, ఒక వస్తువునకు పలు పేర్లు ఉండుట భాషకు సంపద అని బోధింతురు. కొన్ని పేర్లు వస్తువును చూపుటకు కాక దాచుటకు పుట్టునని కూడ బోధింపవలెను. ‘చర్య’, ‘జోక్యము’, ‘పోరు కానిది’ అను మాటలు పత్రికలో కనబడినప్పుడు, అవి ఏ రాజధానినుండి వచ్చినను, న్యూఢిల్లీ నుండి వచ్చినను సరే, దాని క్రింద ఎందరు చనిపోయిరని అడుగు విద్యార్థి ఒక్కడు తరగతికి ఉన్నచో, ఆ పాఠము సార్థకమైనట్లే.