పడవకూ ఒక జాతకం

బిడ్డ పుడితే జాతకం రాయిస్తాం. ఇల్లు కొంటే దస్తావేజు రాయిస్తాం. పడవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఏట్లో తిరిగేదానికి కాగితాలెందుకండీ?" అంటాం.

మొన్న కోనసీమలో మా బావమరిది తన పడవకు ఇంజను పెట్టించాడు. రంగు వేయించి, కొబ్బరికాయ కొట్టాడు.

"రిజిస్ట్రేషను మాటేమిటోయ్?" అన్నాను.

"సొంత పడవే కదా, బావగారూ! అక్కయ్యను ఓసారి తిప్పుకొస్తాను."

సొంత కారైనంత మాత్రాన నెంబరు లేకుండా రోడ్డెక్కిస్తామా?

నదుల్లోనూ కాలువల్లోనూ తిరిగే పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ఇంజను పడవను సర్వేయరు పరీక్షించి, ఎందరిని ఎక్కించవచ్చో పత్రంలో రాస్తాడు. ఆపైన రిజిస్ట్రేషను. అది దేశమంతటా చెల్లుతుంది. తెడ్డు వేసి నడిపే నాటుపడవలను స్థానిక సంస్థల దగ్గర నమోదు చేయించే ఏర్పాటూ అందులో ఉంది.

ఇదంతా వట్టి కాగితాల గొడవ అనుకోకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు, అందులో ఎందరున్నారన్న లెక్కే మొదట సరిగా తేలలేదు. గట్టున ఎదురుచూసేవాళ్ళకు అంతకు మించిన నరకముందా?

పత్రం చూసి సుడిగుండం తప్పుకోదు, నిజమే. కాని పదిమంది పట్టే పడవలోకి పదకొండోవాడు కాలు పెట్టబోతే, "ఇక చాలు" అనడానికి ఆధారముంటుంది.

బావమరిది సర్వేకు దరఖాస్తు పెట్టాడు. పత్రం చేతికి వచ్చాకే పడవ ఎక్కుతానని మా ఆవిడ తమ్ముడికి తేల్చి చెప్పింది.