పాత చేతి కొత్త భయం

ఇష్టపడ్డ దర్శకుడు ఏళ్ల తర్వాత పాత కథను మళ్లీ ఎత్తుకున్నాడని తెలిస్తే అభిమానికి సంతోషంతో పాటు బెంగ కూడా పట్టుకుంటుంది. సంపాదించుకున్న పేరు నిలబెట్టుకుంటాడా, ఉన్నది కాస్తా పోగొట్టుకుంటాడా అన్నదే ఆ బెంగ. సినిమా విడుదలైన మర్నాటికల్లా అభిమానులు రెండుగా చీలిపోతారు. చేవ తగ్గలేదని కొందరంటే, చేతులెత్తేశాడని మరికొందరంటారు. నిన్నటిదాకా ఒకే సినిమాను ప్రాణంగా చూసుకున్నవాళ్లే ఇవాళ ఒకరి అభిరుచిని ఒకరు ఎత్తిపొడుచుకుంటారు. భయపెట్టే సినిమాల విషయంలో ఈ చీలిక మరీ లోతుగా ఉంటుంది. నవ్వించిన సన్నివేశం పదిసార్లు చూసినా నవ్విస్తుంది గానీ, తొలిసారి వణికిన వణుకు మళ్లీ రమ్మంటే రాదు.

2005 జూన్‌లో జార్జ్ రొమేరో అభిమానులకు సరిగ్గా ఇదే ఎదురైంది. 'డే ఆఫ్ ది డెడ్' వచ్చిన 20 ఏళ్లకు, తన 65వ ఏట ఆయన 'ల్యాండ్ ఆఫ్ ది డెడ్' తీశారు. చచ్చి లేచిన శవాలు మనుషుల్ని పీక్కుతినే కథల వరసలో అది నాలుగోది. ఆ వరస మొదలుపెట్టింది ఆయనే. కాళ్లీడ్చుకుంటూ వచ్చే శవాల గుంపు, తలకు దెబ్బ తగిలితే తప్ప ఆగని ఆకలి, తలుపులకు చెక్కలు కొట్టుకుని లోపల బిక్కుబిక్కుమంటూ గడిపే మనుషులు... జాంబీ అనగానే ఇవాళ కళ్లముందు మెదిలే ఈ బొమ్మంతా ఆయన చేతి గీత. అంతకుముందు సినిమాల్లో జాంబీ అంటే హైతీ జానపద నమ్మకాల్లోంచి వచ్చిన, మంత్రగాడు చెప్పిందల్లా చేసే జీవచ్ఛవం. రొమేరో ఆ మంత్రగాణ్ని తీసేశారు. యజమాని లేని ఆకలిని మాత్రం మిగిల్చారు.

పిట్స్‌బర్గ్‌లో వ్యాపార ప్రకటనలు తీసుకునే రొమేరో, ఆయన మిత్రులు కొందరు తలా కొంత వేసుకుని, సుమారు 1,14,000 డాలర్లతో తీసిన నలుపు తెలుపు చిత్రం 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. 1968 అక్టోబరు 1న ఆ ఊళ్లోనే తొలి ప్రదర్శన జరిగింది. ఎవాన్స్ సిటీ దగ్గర కూలగొట్టడానికి సిద్ధంగా ఉన్న పాత ఇల్లే సెట్టు. నెత్తురుకు బదులు చాక్లెట్ సిరప్. కథానాయకుడిగా వేసిన డ్యువేన్ జోన్స్ నల్లజాతి నటుడు. రాత్రంతా శవాలతో పోరాడి ప్రాణాలు దక్కించుకున్న ఆ మనిషిని, తెల్లారాక వచ్చిన తుపాకుల వాళ్లు శవమనుకుని కాల్చేస్తారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన ఏడాదిలో ఆ ముగింపు చూసిన అమెరికాకు అది వట్టి కట్టుకథగా తోచలేదు. మామూలు దెయ్యాల సినిమా అనుకుని మధ్యాహ్నం ఆటకు వచ్చిన పిల్లలు సగమయ్యేసరికి కేరింతలు మాని బిగుసుకుపోయారనీ, కొందరు ఏడ్చారనీ షికాగో సన్‌టైమ్స్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 1969 జనవరిలో రాశారు.

అంతటి భయాన్ని పుట్టించిన దర్శకుడు దాన్నే మళ్లీ మళ్లీ అమ్ముకోలేదు. పదేళ్లాగి 1978లో తీసిన 'డాన్ ఆఫ్ ది డెడ్'ను మన్రోవిల్ మాల్‌లో చిత్రీకరించారు. రాత్రి దుకాణాలు కట్టేశాక మొదలుపెట్టి, పొద్దున్నే తెరిచేలోగా సర్దుకునేవారు. ఊరూవాడా వదిలేసి శవాలన్నీ మాల్‌కే ఎందుకు వస్తున్నాయంటే, బతికున్నప్పటి అలవాటు. పాత ఇంటి చీకటి పోయి, ట్యూబులైట్ల వెలుగులో వస్తువుల మధ్య తిరుగాడే చావు వచ్చింది. 1985 నాటి 'డే ఆఫ్ ది డెడ్' ఒక సున్నపురాయి గనిలోకి దిగింది. సైనికులకూ శాస్త్రవేత్తలకూ పడని ఆ నేలమాళిగలో అందరికంటే మర్యాదగా కనిపించేది బబ్ అనే శవం. ఒక శాస్త్రవేత్త దానికి హెడ్‌ఫోన్స్ పెట్టి బీథోవెన్ సంగీతం వినిపిస్తే, దాని మొహంలో ఏదో పాత వెలుగు మెదులుతుంది.

ఇప్పుడు చాలామంది తలమీద పెట్టుకునే ఈ 'డే' విడుదలైనప్పుడు అంతగా మన్నన పొందలేదు. హింస తగ్గించడానికి రొమేరో ఒప్పుకోకపోవడంతో బడ్జెట్ సగానికి సగం తగ్గింది. అనుకున్న పెద్ద కథను కుదించుకోవలసి వచ్చింది. మాల్‌లోని సందడి కోరుకుని వచ్చిన ప్రేక్షకులకు గనిలోని అరుపులూ గొడవలూ రుచించలేదు. తన తొలి మూడు జాంబీ సినిమాల్లో తనకు బాగా ఇష్టమైనది అదేనని రొమేరో చెబుతూ వచ్చారు. జనం ఆ మాటను ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత ఈ వరసకు 20 ఏళ్ల విరామం. ఆయన కథ వద్దనుకోలేదు, డబ్బు పెట్టేవాళ్లు రాలేదు. తొలి సినిమా నుంచి ఆయనకు న్యాయంగా దక్కవలసింది కూడా దక్కలేదు. పంపిణీదారులు చివరి నిమిషంలో పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ మీద కాపీరైట్ ప్రకటన పడలేదు. అప్పటి చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా అందరి సొత్తయిపోయింది. ఆయన నాటిన చెట్టు కాయలు లోకమంతా కోసుకుంది. 2002లో వచ్చిన '28 డేస్ లేటర్', 2004లో ఆయన 'డాన్'నే మళ్లీ తీసిన జాక్ స్నైడర్ చిత్రం కొత్త తరానికి పరుగెత్తే పిశాచాలను అలవాటు చేశాయి. అవి డబ్బు చేసుకున్నాకే పెద్ద స్టూడియో తలుపు పెద్దాయనకు తెరుచుకుంది.

తెరుచుకున్న తలుపులోంచి ఆయన ఏం పట్టుకొచ్చారో దగ్గర్నుంచి చూడాలి. 'ల్యాండ్' మొదట్లోనే, చచ్చినవాళ్లే మిగిలిన ఒక చిన్న ఊరు కనిపిస్తుంది. పార్కు మంటపంలో వాయిద్యాలు పట్టుకున్న శవాలు ఊపిరి లేని గుండెలతో ఊదడానికి ప్రయత్నిస్తుంటాయి. పెట్రోలు బంకులో గంట మోగగానే, అక్కడ పనిచేసి చనిపోయిన మనిషి బయటికొచ్చి పంపు గొట్టం చేతిలోకి తీసుకుంటాడు. ఆ శవం పేరు బిగ్ డాడీ. సరుకుల కోసం వచ్చిన మనుషులు ఆకాశంలోకి బాణసంచా వదులుతారు. శవాలన్నీ తలలెత్తి ఆ వెలుగుల్ని చూస్తూ నిలబడిపోతే, వాటిని విచ్చలవిడిగా కాల్చిపారేస్తారు. బిగ్ డాడీ ఒక్కడే పైకి చూడడు. పక్కవాళ్లు కూలిపోతుంటే చూసి ఆక్రోశిస్తాడు. ఆ తర్వాత తన వాళ్లను వెంటబెట్టుకుని నగరం వైపు నడుస్తాడు. నది అడ్డొస్తే ఒడ్డున ఆగి, ముందు తాను దిగుతాడు. కాసేపటికి అవతలి ఒడ్డున నీళ్లలోంచి ఒక్కొక్క తలా పైకి లేస్తుంది. ఆ నగరంలో డబ్బున్నవాళ్లు అద్దాల మేడలో ఉంటారు, లేనివాళ్లు దాని చుట్టూ బురదలో బతుకుతారు. ఆ మేడలో ఒక గది కోసం ఏళ్ల తరబడి అడ్డమైన చాకిరీ చేసినవాడికి, నీలాంటివాళ్లకు ఇక్కడ చోటులేదన్న జవాబే దొరుకుతుంది.

అభిమానులు ఇక్కడే చీలిపోయారు. నచ్చనివాళ్ల మాటల్లో పస లేకపోలేదు. తొలి మూడు సినిమాల్లో లోలోపల పారిన అర్థం ఇందులో పైకి తేలి, పాత్రల నోటివెంట మాటలై వచ్చిందన్నారు. పిట్స్‌బర్గ్ మట్టివాసన పోయి టొరంటోలో తీసిన సినిమా అయిందని, పేరున్న నటులూ గ్రాఫిక్స్ నెత్తురూ చేరి చేతిపని తగ్గిందని బాధపడ్డారు. అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు బిగ్ డాడీ గురించే. శవానికి ఆలోచన వస్తే ఇక భయమెక్కడ, జాలి తప్ప అన్నారు. ఇవి ఆయన సినిమాలను ప్రేమించి, ప్రతి ఫ్రేమూ గుర్తుపెట్టుకున్నవాళ్ల బాధలు. వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదు.

అయినా ఆ పెద్ద ఫిర్యాదును ఆయన సినిమాల ముందే పెట్టి చూడాలి. 'నైట్' మొదట్లో శ్మశానంలో ఎదురైన తొలి శవమే రాయి తీసుకుని కారు అద్దం పగలగొడుతుంది. అదే సినిమాలో చచ్చి లేచిన చిన్నపిల్ల తాపీ పట్టుకుని తల్లి మీదికి వస్తుంది. 'డాన్'లో జ్ఞాపకం శవాలను మాల్‌కు లాక్కొస్తుంది. 'డే'లో బబ్ పగబట్టి తుపాకీ పేలుస్తాడు. రాయి పట్టిన చేయి 37 ఏళ్లకు పెట్రోలు గొట్టం పట్టింది. చచ్చినవాళ్లలో కొద్దికొద్దిగా మనిషి మేలుకోవడం, బతికున్నవాళ్లలో కొద్దికొద్దిగా మనిషి చచ్చిపోవడం ఆయన మొదటినుంచీ చెబుతున్న కథే. నాలుగో సినిమాలో దారి తప్పారన్నవాళ్లకు ఆ దారి అంతకుముందు అంత స్పష్టంగా కనిపించి ఉండదు.

అలాంటప్పుడు అభిమాని నిజంగా కోరుకున్నదేమిటి? అమ్మమ్మ రోజూ చెప్పే కథలో ఒక్క మాట మారినా పిల్లలు ఊరుకోరు. ఆ పట్టుదలలో కథ మీద ప్రేమ ఉంది, ఆ వయసు మీదా ప్రేమ ఉంది. అర్ధరాత్రి పాత టీవీ ముందు దుప్పటి కప్పుకుని 'నైట్' చూసినవాడికి మళ్లీ కావలసింది ఆ పదహారేళ్ల గుండెదడ. దాన్ని తిరిగివ్వడం ఏ దర్శకుడి వల్లా కాదు. ఇవ్వలేకపోయినందుకు అతని మీద కోపగించుకుంటే, మన వయసు చేసిన పనికి అతన్ని దోషిని చేసినట్టవుతుంది. తెలుగు ప్రేక్షకులకూ ఈ బాధ కొత్త కాదు. 1996లో 'భారతీయుడు'ను గుండెల్లో పెట్టుకున్నవారు, 28 ఏళ్లకు వచ్చిన రెండో భాగం చూసి ఎంత నొచ్చుకున్నారో తెలిసిందే. ఆ నొప్పిలో సినిమా తప్పు ఎంతో, మనం మోసుకెళ్లిన జ్ఞాపకం బరువు ఎంతో విడదీసి చూసుకుంటే, సినిమాకూ మనకూ ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

ఈ పని ఎలా చేయాలో ఈబర్ట్ చూపించారు. తొలి సినిమాకు పిల్లలు పడ్డ భయం చూసి ఆయన కలవరపడ్డారు. రెండోదాన్ని మనసారా మెచ్చుకుని నాలుగు నక్షత్రాలిచ్చారు. మూడోది నచ్చలేదని నిర్మొహమాటంగా చెప్పి ఒకటిన్నరతో సరిపెట్టారు. 20 ఏళ్ల తర్వాత నాలుగోది వచ్చినప్పుడు ఆ పాత అసంతృప్తిని మోసుకుపోకుండా చూసి, మూడిచ్చారు. 'డే' విషయంలో ఆయన తీర్పుతో ఇవాళ చాలామంది ఏకీభవించకపోవచ్చు. కానీ ప్రతిసారీ ఎదుట ఉన్న సినిమానే చూసి, దానికే మార్కులు వేశారు. దర్శకుడి గతం పేరు చెప్పి కలపలేదు, తీసేయలేదు.

గౌరవమంటే అన్నిటినీ పొగడడం కాదు. ఆ తర్వాత 2007లో రొమేరో చిన్న బడ్జెట్‌తో, పాత్రలే కెమెరా పట్టుకున్నట్టుగా 'డైరీ ఆఫ్ ది డెడ్' తీశారు. 2009లో వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లిన 'సర్వైవల్ ఆఫ్ ది డెడ్'లో ఒక దీవిలో రెండు కుటుంబాల పాత పగను వెస్టర్న్ సినిమా ఫక్కీలో చెప్పారు. అది నిలబడలేదు. ఎన్నేళ్లు గడిచినా అది గొప్ప సినిమా అనిపించుకుంటుందని చెప్పలేం. ఆయన తీసిన చివరి కథాచిత్రం అదే. కానీ 69 ఏళ్ల వయసులో, మాల్ సినిమాను మళ్లీ తీస్తే జనం ఎగబడతారని తెలిసి కూడా, తనకు ఇష్టమైన వెస్టర్న్ బాణీలో ప్రయత్నించి ఓడిపోవడం చిన్న విషయం కాదు. ఆయన తొలి సినిమా కూడా అలాంటి సాహసంతోనే పుట్టింది. సాహసం ఫలిస్తే మాది, బెడిసికొడితే నీది అనడం అభిమానం అనిపించుకోదు.

రొమేరో 2017 జులై 16న టొరంటోలో, 77వ ఏట కన్నుమూశారు. ఆయన పోయాక మరుగునపడిన ఒక చిత్రం వెలుగులోకి వచ్చింది. 1973లో పెన్సిల్వేనియాలోని ఒక లూథరన్ సేవాసంస్థ వృద్ధుల కష్టాల మీద తీసిపెట్టమంటే ఆయన 'ది అమ్యూజ్‌మెంట్ పార్క్' తీశారు. తెల్లసూటు వేసుకున్న ఒక పెద్దాయన ఉత్సాహంగా వినోదాల పార్కులోకి అడుగుపెట్టి, అడుగడుగునా గెంటించుకుని, దెబ్బలు తిని, నెత్తురోడుతూ తిరిగొస్తాడు. ఆ చిత్రం అప్పట్లో మూలనపడింది. బాగుచేసిన ప్రతి 2021లో గానీ ఇళ్లలోని ప్రేక్షకులకు చేరలేదు. ముసలివాళ్లను లోకం ఎలా చూస్తుందో ముప్పై మూడేళ్లకే తెలిసిన మనిషి, తనకు ఆ వయసు వచ్చినప్పుడు జాలి కోరలేదు, సినిమాలు తీశారు. పిట్స్‌బర్గ్ పొలిమేరలో పుట్టిన ఆ ఊహ మన కర్నూలు దాకా నడిచొచ్చింది. 2021లోనే ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'లో సీమ ఫ్యాక్షన్ పగల మధ్యకు ఆ శవాల గుంపును తెచ్చి నిలబెట్టినప్పుడు, ఇదేమిటని తెలుగు ప్రేక్షకుడు అడగవలసిన అవసరమే రాలేదు.

చేయి తిరిగిన పెద్దలు మళ్లీ పాత కథ ఎత్తుకుంటూనే ఉంటారు. వాళ్ల సినిమాల మీద మనం పోట్లాడుకుంటూనే ఉంటాం. పోట్లాడుకోవాలి కూడా, ఎవరూ పట్టించుకోని సినిమా గురించి ఇద్దరు మిత్రులు ఎడమొహం పెడమొహం కారు. నచ్చలేదని చెప్పే హక్కు అభిమానికి పూర్తిగా ఉంది. మునుపటిలా తీయలేదని తప్పుపట్టే ముందు మాత్రం, రొమేరో మునుపు కూడా ఎన్నడూ మునుపటిలా తీయలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆయనను మనం అభిమానించింది అందుకే.