మన ఇల్లు : గోడలో బీట, రాత్రివేళ చప్పుడు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో కొంతకాలంగా ఒకే బాధ పదే పదే కనబడుతున్నది. వేసవిలో గోడ బీటలు వారుతున్నది, వానాకాలంలో తలుపు పట్టేస్తున్నది, మేస్త్రీ ఎన్నిసార్లు పూడ్చినా మరుసటి ఏడు బీట తిరిగి వస్తున్నది. వీటిలో అధికభాగం రాయ్‌పూర్ కాలనీలలో నివసించే మన సహోద్యోగుల ఇళ్ళ నుండి వచ్చినవే. విడివిడిగా సమాధానాలు వ్రాయుటకంటె మా ఇంటి కథ చెప్పుట మేలని తోచింది. ఈ విషయంలో చేయదగిన తప్పులన్నీ మేము చేసియున్నాము.

2009లో మేము ఈ నగర శివార్లలో ఇల్లు కొన్నాము. గృహప్రవేశం నాడు మా తండ్రిగారు ఈశాన్యమూలన, గోడకు ఆరడుగుల దూరంలో ఒక వేపమొక్క నాటారు. ఆయన గతించారు, చెట్టు డాబాను దాటి పెరిగింది. 2018 మే నెలలో ఆ మూలనున్న కిటికీ పైనుండి గోడమీద ఏటవాలుగా బీట పడింది. వెంటనే గట్టి సిమెంటుతో పూడ్పించాము. ఆగస్టు వచ్చేసరికి ఆ పూత ఉబ్బి ఊడిపోయింది, తూర్పు తలుపు పట్టేసింది. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాము. వేసవిలో అదే తలుపు క్రింద బల్లి దూరేంత సందు ఏర్పడింది.

ఇంతలో రాత్రిళ్ళు డాబామీద టక్కుమని చప్పుళ్ళు వినిపించసాగాయి. మా తల్లిగారు శ్రీకాకుళం జిల్లా పల్లెలో పుట్టి పెరిగినవారు. "ఎవరో పైన తిరుగుతున్నారు నాయనా, ఈ ఇల్లు మనల్ని ఉండనివ్వదు, నన్ను ఊరికి పంపించెయ్" అన్నారు. ఆమెకు నిద్ర కరువైంది. మా హితైషి ఒకరు వచ్చి చూచి, ఈశాన్యంలో చెట్టు దోషమనీ, దానిని కొట్టించి, తూర్పు తలుపు మూసి, వంటగది మార్చాలనీ చెప్పారు. అందుకు కావలసిన సొమ్ము మా వద్ద ఉన్నమాట నిజమే కాని, అది మా అమ్మాయి చదువుకై దాచినది.

కర్మాగారంలో యంత్రం వణికితే దినచర్య పుస్తకం తెరువనిదే మరమేకు విప్పని మేము, ఇంట్లో ఒక్క అంకె అయినా వ్రాసుకొనకుండా రెండేళ్ళు మరమ్మతులు చేయించాము! ఈ సంగతి ఎత్తిచూపినది మా శ్రీమతి. ఒక నోటుపుస్తకం తెచ్చి, చప్పుడు వినిపించిన ప్రతిసారీ గంట, ఆనాటి ఎండ వ్రాయసాగింది. మేము బీటకు అడ్డంగా సన్నని గాజుపలకను అంటించి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, నెలకొకమారు వెడల్పు కొలిచాము. గాజు పగిలితే కదలిక ఇంకా సాగుతున్నదని అర్థం. మే నెలలో నాలుగు మిల్లీమీటర్లున్న బీట సెప్టెంబరులో వెంట్రుకవాసి అయింది. గాజు రెండుసార్లు పగిలింది.

చప్పుళ్ళ చిక్కు ముందుగా విడిపోయింది. అవన్నీ మండుటెండ కాసిన రోజుల్లో, ఎనిమిది నుండి పదకొండు గంటల మధ్యనే వచ్చాయి. మబ్బు పట్టిన రోజున ఒక్కటీ లేదు. పది మీటర్ల కాంక్రీటు కప్పు ఇరవై డిగ్రీలు చల్లబడితే సుమారు రెండు మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. క్రింది గోడ అంతగా కదలదు. ఆ రెంటి పెనుగులాటే మా తల్లిగారు విన్న అడుగుల సవ్వడి.

బీట సంగతి నేలలో ఉన్నది. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని విభజిస్తారు. వీటిలో కన్హార్ మన నల్లరేగడికి తోబుట్టువు. ఇటువంటి మట్టి నీరు త్రాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఏడాది వర్షమంతా దాదాపుగా జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురిసే ఈ ప్రాంతంలో నేల యేటా ఒక పెద్ద ఊపిరి పీల్చి వదలుతుందన్నమాట. దీనికి చక్కని పరీక్ష ఉన్నది. పొడిచేసి జల్లించిన మట్టిని పదేసి గ్రాములు రెండు కొలపాత్రలలో పోసి, ఒకదానిలో స్వేదనజలం, రెండవదానిలో కిరోసిన్ నింపి ఒక రోజంతా ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. మా పెరటి మట్టి కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్ల వద్ద, నీటిలో 19 వద్ద నిలిచింది. అనగా 73 శాతం ఉబ్బు. యాభై దాటితేనే జాగ్రత్త పడాలి. ఇటువంటి నేలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అడుగున ఉబ్బెత్తు గల పైల్ పునాదులను రూపొందించింది. మా ఇంటికి ఉన్నవి మామూలు పునాదులే.

నేలంతా ఒకే తీరుగా కదిలితే ఇంటికి అంత హాని లేదు. మా ఇంటి ఈశాన్యంలో వేపవేళ్ళు వేసవిలో మట్టిని పీల్చి ఎండగట్టాయి. నైరుతిలో స్నానాలగది గొట్టం అతుకు కారి మట్టిని ఏడాది పొడవునా తడిపింది. ఒక మూల దిగితే మరొక మూల దిగలేదు. ఇది మన ప్రాంతపు శాపం కూడా కాదు. 1976 నాటి అనావృష్టిలో ఇంగ్లండులో బంకమట్టి నేలలపైనున్న ఇళ్ళు అసంఖ్యాకంగా బీటలు వారాయి.

మా హితైషి వేలు చెట్టు విషయంలో సరైన చోటే చూపింది. చికిత్స మాత్రమే ప్రమాదకరం. చెట్టును ఒక్కసారిగా నరికితే ఎండిన మట్టి తిరిగి నీరు త్రాగి పునాదిని పైకి నెట్టవచ్చు. అందుచేత మేము యేటా కొన్ని కొమ్మలు మాత్రమే తీయిస్తున్నాము. కారుతున్న అతుకు బాగుచేయించాము. ఇంటి చుట్టూ మీటరున్నర వెడల్పున, బయటకు వాలుగా గచ్చు వేయించాము. బీటను మాత్రం ఏడాది కొలతలు పూర్తయిన తరువాత చలికాలంలో, సాగే గుణమున్న పూరకంతో నింపించాము. డాబాపై తెల్లసున్నం కొట్టించాము. మొత్తం వ్యయం వంటగది మార్పునకు అడిగినదానిలో ఆరవవంతు. కొత్తగా చెట్టు నాటదలచినవారు అది ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకు అంత దూరంలో నాటుకొనుట క్షేమం.

ఒక్క హెచ్చరిక. స్తంభం లేదా దూలం వెంబడి బీట సాగినా, అందులోనుండి త్రుప్పు మరక కారినా, కప్పు పెచ్చులూడినా నోటుపుస్తకంతో కూర్చొనక వెంటనే నిర్మాణశాస్త్రం తెలిసిన ఇంజనీరును పిలవాలి. మా వంటి మెకానికల్ వారు అందుకు పనికిరారు.

గత మే నెలలో బీట ఒక మిల్లీమీటరు మించలేదు. తూర్పు తలుపు వానల్లో కొంచెం బిగుసుకున్నది, కాని చిత్రిక అక్కరలేకపోయింది. మా తల్లిగారు ఊరికి వెళ్ళే మాట మానుకున్నారు. నోటుపుస్తకం ఇప్పుడు వారి దిండు ప్రక్కనే ఉంటున్నది. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఒక్క చప్పుడు వినిపించింది. ఆమె లేచి కళ్ళద్దాలు పెట్టుకొని, గంట చూచి వ్రాసుకొని, మరల పడుకున్నారు.