ఫాంటుకు ఎవరి పేరు?

పాత గ్రామఫోను రికార్డుల అట్టల మీది తెలుగు అక్షరాలను స్కాన్ చేసి ఫాంట్లుగా మార్చడం ఈమధ్య ముచ్చటైన పనయింది. కాదనను, నాకూ ఆ అక్షరాలంటే ఇష్టమే. మా లేపాక్షి, హిందూపురం వైపు బెంగళూరు దగ్గర కాబట్టి పాత ఇళ్లలో తెలుగు రికార్డులూ కన్నడ రికార్డులూ ఒకే పెట్టెలో ఉంటాయి. తలకట్టు చూసి ఏది ఏ భాషో పోల్చుకోవడం చిన్నప్పుడు మాకొక ఆట.

నా అభ్యంతరం ఆ పని గురించి మాట్లాడే తీరు మీద. ఒక సభలో (ఎవరి సభో ఎందుకు లెండి) ఒక అట్టను తెర మీద వేసి, అందులోని ‘శ’ ఒంపు గురించి అరగంట మాట్లాడారు. అట్ట మీద ఫొటోలో ఉన్న గాయని గురించి ఒక్క ముక్క లేదు. టంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతీదేవి, వింజమూరి సీత, అనసూయ - ఇలాంటి వాళ్ల గొంతులు లేకపోతే ఆ అట్టలను ఎవరు దాచుకునేవాళ్లు?

‘పోయిన అక్షరాలను తిరిగి తెచ్చాం’ అంటారు. లెక్క చూద్దాం. ఒక అట్ట మీద దొరికేవి పదో పదిహేనో అక్షరాలు. ఫాంటుకేమో గుణింతాలు, వత్తులు కలిపి వందల ఆకారాలు కావాలి. ఝ, ఠ, ఢ లాంటివి పాటల పేర్లలో దొరకడమే అరుదు. వాటిని ఇవాళ కూర్చున్న మనిషి ఊహించి గీయాల్సిందే. అంటే చాలా భాగం కొత్త సృష్టే. అందులో తప్పేమీ లేదు. కానీ అంత సొంతంగా చేసేటప్పుడు దానికి ఎవరి పేరు పెడతామన్నదీ మన సొంత నిర్ణయమే కదా?

నా కంప్యూటర్లోని ఫాంట్ల జాబితా చదువుతాను. పోతన, వేమన. సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు, సురవరం. ఆడపేర్లు లేవా అంటే ఉన్నాయి, అను ఫాంట్లలో: అనుపమ, ప్రియాంక. మగవాళ్లకేమో కావ్యమూ, ఉద్యమమూ, చరిత్రా. ఆడపేరు వినసొంపుగా ఉంటే చాలు, ఆమె ఎవరన్న ప్రశ్నే రాదు. మొల్ల ఏది? ముద్దుపళని ఏది? అచ్చమాంబ ఏది? బెంగళూరు నాగరత్నమ్మకు ఈ కథలో రెండు వైపులా చోటుంది. గ్రామఫోను రికార్డులకు పాడింది. 1910లో ‘రాధికా సాంత్వనము’ను పరిష్కరించి వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించింది. అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన పుస్తకం అది. ఆ నిషేధం తొలగడానికి దాదాపు స్వాతంత్ర్యం రావలసి వచ్చింది. అచ్చక్షరం కోసం అన్ని మాటలు పడిన మనిషి పేరు ఒక్క అక్షరాల వరసకైనా తగదా?

ధర్మవరం చీర అంచుల్లో లేపాక్షి స్తంభాల డిజైన్లుంటాయి. డిజైనుకు ఊరి పేరుంది. కండెలు చుట్టే ఆడవాళ్లకు పేరూ లేదు, పెద్ద కూలీ కూడా లేదు.

అసలు బాధ ఇంకొకటుంది. 1990ల్లో, 2000ల్లో మన పత్రికలు, కవితా సంకలనాలు ఎన్నో డీటీపీలో యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చినవే. హిందూపురంలో నేను చూసిన డీటీపీ సెంటర్లలో పేజీకింత అని ఆ పని చేసింది ఎక్కువగా ఆడపిల్లలే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే రోమన్ గుర్తుల గజిబిజి. వెతికితే ఒక్క మాటా దొరకదు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నా వత్తుల దగ్గర తప్పులు పడతాయి, దిద్దడానికి మనిషి కూర్చోవాలి. రికార్డు అట్ట మీది పది అక్షరాలకు దొరికే ఉత్సాహమూ డబ్బూ ఈ వేల పేజీలకు ఎందుకు దొరకవు? అట్ట అందంగా ఉంటుంది, గోడకు తగిలించుకోవచ్చు. మన వ్యాసాలు గోడకు తగిలించుకునేవి కావు మరి!

ఫాంటు ఫైలులో ‘వివరణ’ అని ఒక గడి ఉంటుంది. అందులో గాయని పేరు, అట్ట వివరం రాయడానికి రెండు నిమిషాలు చాలు. చేసేవాళ్లు కనీసం అది చేయాలి. ఇక, పాత సంచికల సీడీలు మీలో ఎవరి బీరువాలోనైనా ఉంటే ముందు వాటిని కాపీ చేసి పెట్టండి. సీడీ డ్రైవున్న కంప్యూటర్లు ఇప్పటికే కరువయ్యాయి.