విజ్ఞాన విషయములు: సూర్యునివంటి నిప్పు చౌకగా దొరకునా?

ఓరుగల్లు కొత్తవాడనుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినారు: "మాది జంపఖానాలు నేయు నిల్లు. మా యమ్మాయి భౌతికశాస్త్రము చదివి, సూర్యునివలె శక్తి పుట్టించు యంత్రములపై పరిశోధన చేయుదు ననుచున్నది. అట్టి కరెంటు మావంటి యిండ్లకు చౌకగా వచ్చునా? ఈ చదువు అన్నము పెట్టునా?"

నేడు మన దీపములకై భూపాలపల్లివద్ద బొగ్గు కాలుచున్నది. సూర్యునియందు బొగ్గు లేదు. హైడ్రోజను కేంద్రకములు కలిసి హీలియమగునపుడు పుట్టు వేడిమియే యెండ. భూమిపై నట్టి కలయికకు వాయువును పది కోట్ల డిగ్రీలవఱకు కాచవలయును. అపుడది ప్లాస్మా యగును. దానిని పట్టి యుంచగల పాత్ర లేదు.

ఇందుకు రెండు దారులు ప్రసిద్ధములు. ఫ్రాన్సులో మన దేశముతో గూడ పెక్కు దేశములు కట్టుచున్న ఇటర్ యంత్రము మహాయస్కాంతములతో ప్లాస్మాను పట్టి యుంచుటకు ఉద్దేశింపబడినది. దాని వ్యయము రెండు వేల కోట్ల యూరోలకు మించినది. అమెరికాలో 2022 డిసెంబరు 5న 192 లేసరు కిరణములతో నొక గుళికను నొక్కి, దానిపై పడినదానికంటె నెక్కువ శక్తిని రాబట్టిరి. కాని యా లేసరులకు పట్టిన విద్యుత్తు, వచ్చిన శక్తికి దాదాపు నూఱు రెట్లు.

మూడవది నడిమి దారి. సైకిలు పంపు మూతిని మూసి నొక్కినచో గొట్టము వేడెక్కును. గిన్నెపై దళసరి గుడ్డ కప్పినచో అన్నము త్వరగా చల్లారదు. ఈ రెండును గలిపినదే యీ యుపాయము: అయస్కాంతశక్తి గుడ్డవలె వేడిని జాఱనీయదు, చుట్టునున్న లోహపు గోడ పంపువలె నొక్కును. వేడి నిలుచును గనుక, సెకనులో కొన్ని వేయవ వంతుల కాలము తీసికొని నొక్కినను చాలును. అంతటి యయస్కాంతములును, అంతటి లేసరులును అక్కఱలేదు. ఖర్చు తగ్గునను ఆశకు కారణమిదియే.

కెనడాలో 2002లో స్థాపితమైన జనరల్ ఫ్యూజన్ సంస్థ 2025లో లిథియపు గోడతో ప్లాస్మాను నొక్కి చూచినది. ఆ యేడే ధనము చాలక పనివారిలో నాలుగవ వంతును తొలగించి, పిదప 2 కోట్ల 20 లక్షల డాలర్లు సమకూర్చుకొన్నది. చౌకదారికిని సొమ్ము కావలయును గదా! ఇంతవఱకు ఏ దారిని వచ్చిన శక్తియు ఒక్క యింటి దీపమునైన వెలిగింపలేదు.

కావున, సోదరీ, ఆ కరెంటును నమ్మి ఇంటి ఖర్చులు లెక్కింపకుడు. అమ్మాయి చదువును మాత్రము ఆపకుడు. భౌతికశాస్త్రము మీ యూరి జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోనే చెప్పుచున్నారు. గాంధీనగరమువద్ద ప్లాస్మా పరిశోధనాలయమున 1989 నుండి "ఆదిత్య" యంత్రముపై పరిశోధనలు జరిగినవి. 2016లో దానిని నూతనముగా దిద్దిరి. అచ్చటనే కొలువు దొరకునని మేము మాట యీయజాలము. కాని ప్లాస్మాకై నేర్చిన అయస్కాంత, విద్యుద్విద్యలు ఇతర కర్మాగారములలోను పనికివచ్చును. యంత్రము ఆలస్యమైనను, విద్య వ్యర్థము కాదు.